ఒంగోలు గిత్త నాలుగోసారికి నిలబడింది: కాగితపు బొమ్మలో తప్పును కోసి చూడటం ఎలా

మాది ఒంగోలు. కాగితంతో, గుజ్జుతో బొమ్మ చేద్దామనుకున్నప్పుడు ఏ బొమ్మ అని ఆలోచించాల్సిన పని రాలేదు. మా ఊరి పేరు మోసే గిత్తనే చేద్దామనుకున్నాను. మొదటి గిత్తకు బూజు పట్టింది. రెండోది ముందుకాళ్లు వంగి మోకాళ్ల మీద కూలబడింది. మూడోదాని మూపురం నిలువునా పగిలింది. నాలుగోది ఇప్పుడు మా హాల్లో, టీవీ పక్కన నిలబడి ఉంది.

మొదటిదాన్ని నేను చెత్తబండిలో వేశాను. వానాకాలం కదా, బూజు పట్టదా అనుకున్నాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ బాధే. రెండోదాని కాళ్లు ఎందుకు వంగాయో చూద్దామని హాక్సా బ్లేడుతో పొట్ట కోశాను. లోపల నల్లగా బూజు. పైకి మచ్చ కూడా కనబడలేదు. అంటే మొదటి తప్పునే రెండోసారి కూడా చేశాను, కాకపోతే అది లోపల దాక్కుంది. ఆ రోజు నుంచి పాడైన బొమ్మను కోయకుండా పారేయడం మానేశాను. మీరు కూడా ఇది మొదటి బొమ్మ నుంచే మొదలుపెట్టండి. గిత్తే చేయాలని లేదు, పద్ధతి ఏ బొమ్మకైనా ఇదే.

పని మొదలుపెట్టే ముందు

ఒక నోటుపుస్తకం, వంటింట్లో వాడే డిజిటల్ కాటా దగ్గర పెట్టుకోండి. జిగురు ఎంత, నీళ్లెన్ని, ఏ రోజు ఎన్ని పొరలు, ఆ రోజు వానా ఎండా అన్నది రాసుకోవాలి. రెండు నిమిషాల పని. ఇది రాయకపోతే బొమ్మ పాడైనప్పుడు కారణం ఊహించుకోవడమే మిగులుతుంది. ఊహించుకున్న కారణం చాలాసార్లు తప్పవుతుంది, నా వానాకాలం లెక్కలాగా.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ నెలల్లో మొదటి బొమ్మ మొదలుపెట్టకండి. సంక్రాంతి దాటాక మొదలుపెడితే మార్చి వరకు ఎండ మితంగా ఉంటుంది, గాలి ఆడుతుంది. రోహిణి కార్తె ఎండ కూడా దీనికి మంచిది కాదు. ఎందుకో కింద చెబుతాను.

1. ముందు అసలు గిత్తను చూడండి

నేను మొదట మనసులో ఉన్న ఎద్దు బొమ్మనే గీసుకున్నాను. ఆ గీత చూసి మా వీధిలో పాలు పోసే పెద్దాయన, “అబ్బాయా, ఇది మైసూరు ఎద్దు. మన గిత్తకు ఇంత కొమ్ములెక్కడివి?” అన్నాడు. నిజమే. ఒంగోలు గిత్త కొమ్ములు పొట్టిగా, మొద్దుగా, పక్కలకు వచ్చి కాస్త వెనక్కి తిరిగి ఉంటాయి. నుదురు విశాలం. మూపురం నిండుగా, నిటారుగా ఉంటుంది. గంగడోలు మడతలు మడతలుగా మెడ కింద నుంచి పొట్ట దాకా సాగుతుంది. ఒళ్లు తెలుపే అయినా మగదానికి తల, మెడ, మూపురం మీద బూడిదరంగు తేరుతుంది. కళ్ల చుట్టూ నలుపు.

సంక్రాంతికి, తిరునాళ్లకు జరిగే బండలాగుడు పోటీలకు వెళితే దగ్గర నుంచి చూడొచ్చు. పక్క నుంచి, ఎదురుగా, వెనక నుంచి మూడు ఫోటోలు తీసుకోండి. పక్క ఫోటోను బొమ్మ సైజుకు ప్రింటు తీయించి గోడకు అంటించండి. ముప్పై సెంటీమీటర్ల పొడవు మొదటి బొమ్మకు చాలు. అంతకన్నా చిన్నదైతే కాళ్లకు కాగితం చుట్టడం కష్టం, పెద్దదైతే ఆరడానికి వారాలు పడుతుంది.

(ఈ గిత్త మీద నాకున్న ఇష్టం కొద్దీ ఒక మాట. ఒంగోలు ప్రాంతం 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్లిన పశువుల సంతతిని అక్కడివాళ్లు ఇప్పటికీ ‘నెలోర్’ అనే పిలుస్తారు. రెండు ఊళ్ల పేర్లూ మోసే పశువు ఇది. కొమ్ములు తప్పుగా పెడితే ఎలా?)

2. అస్థిపంజరం

నా రెండో గిత్త కూలబడింది ఇక్కడే. ఇనుప కడ్డీలు కట్టేవాళ్లు వాడే బైండింగ్ వైరుతో కాళ్లు చేశాను. అది మెత్తన, చేత్తో తేలిగ్గా వంగుతుందని తీసుకున్నాను. తడి కాగితం బరువు పడగానే అది కూడా అంతే తేలిగ్గా వంగింది. పైగా గిత్తకు మూపురం, తల, గంగడోలు అన్నీ ముందువైపే ఉంటాయి. బరువంతా ముందుకాళ్ల మీదే.

కాళ్లకు, వెన్నుకు 14 గేజి జీఐ వైరు (జింకు పూత ఉన్న ఇనుప తీగ) తీసుకోండి. రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, హార్డ్‌వేర్ షాపులో తూకానికి ఇస్తారు. ఒక్కో కాలు విడిగా చేసి వెన్నుకు కట్టొద్దు. ఎడమ ముందుకాలి డెక్క నుంచి మొదలుపెట్టి భుజం మీదుగా కుడి ముందుకాలి డెక్క దాకా ఒకే తీగ రావాలి. వెనక కాళ్లకూ అలాగే. ఆ రెండు కమానుల్ని వెన్ను తీగకు బైండింగ్ వైరుతో బిగించి కట్టండి. కట్టడానికి బైండింగ్ వైరు బాగా పనికొస్తుంది, మోయడానికి పనికిరాదు.

డెక్కల దగ్గర ఒక్కో తీగను రెండు అంగుళాలు ఎక్కువ వదిలి, ప్లైవుడ్ ముక్కకు రంధ్రాలు వేసి, కిందికి దింపి, అడుగున మడిచి మేకులతో బిగించండి. బొమ్మ పూర్తయ్యాక చెక్క తీసేద్దామనుకోకండి. ఆ చెక్క ఉంటేనే ఆరేటప్పుడు కాళ్లు ఎడం కావు.

ఇప్పుడు కాగితం ముట్టుకోకముందే ఒక పరీక్ష. ఒక కిలో ఉప్పు ప్యాకెట్టును ఆ తీగల వెన్ను మీద పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకు కాళ్లు అలాగే ఉంటే ముందుకు వెళ్లండి. వంగితే ఇంకో తీగ జతచేయండి. మూడు వారాల తర్వాత తెలియాల్సిన తప్పు ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది.

పొట్టకు, మెడకు పొడి పేపరు ఉండలు చుట్టి, మాస్కింగ్ టేపుతో గట్టిగా బిగించండి. వదులుగా చుడితే తడి తగలగానే లోపలికి కుంగుతుంది. తీగ కనబడే ప్రతిచోటా టేపు చుట్టండి, లేకపోతే కోసిన చివర్ల దగ్గర తుప్పు పట్టి తెల్ల రంగులోంచి గోధుమ మచ్చలు తేలతాయి.

3. జిగురు

వంద గ్రాముల మైదాను గ్లాసు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలపండి. ఇంకో రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, అందులో దీన్ని పోస్తూ కలుపుతూనే ఉండండి. తెల్లటి పిండినీళ్లు కాస్తా గాజులా తేటబడి చిక్కబడతాయి. అప్పుడు దించాలి. పచ్చి మైదాను నీళ్లలో కలిపి వాడేవాళ్లున్నారు. అంటుకుంటుంది గానీ ఆరాక పిండి రాలుతుంది, పురుగులూ త్వరగా వస్తాయి.

చల్లారాక దీనికి సగం కొలత ఫెవికాల్ కలిపితే బలం వస్తుంది. మరీ చిక్కగా ఉంచొద్దు, మజ్జిగ కన్నా కాస్త చిక్కన చాలు.

బూజు పట్టకుండా జిగురులో ఉప్పు వేయమని చాలామంది చెబుతారు. నేనూ వేశాను. మన సముద్రతీరపు గాలికి అది పనికిరాదని నా అనుభవం. వానల్లో డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లడం చూస్తుంటాం కదా. బొమ్మలో ఉన్న ఉప్పు కూడా అలాగే గాలిలోని తేమను లాక్కుంటుంది. పుస్తకాలకు బైండింగ్ చేసేవాళ్లు జిగురులో మైలుతుత్తం వేస్తారు. అది పురుగును ఆపుతుంది గానీ విషం, పైగా లోపలి తీగను తినేస్తుంది. నేను ఇప్పుడు మందుల షాపులో దొరికే బోరిక్ పొడి వేస్తున్నాను, ఇంత జిగురుకు ఒక చెంచా. ఇదీ కడుపులోకి పోకూడనిదే. చిన్నపిల్లలతో కలిసి చేస్తుంటే ఏదీ వేయొద్దు, జిగురును ఏ రోజుకారోజు కాచుకుని మిగిలింది పారబోయండి. పుల్లటి వాసన వచ్చిన జిగురును మాత్రం ఎప్పుడూ వాడొద్దు.

4. పొరలు

న్యూస్‌పేపర్ తీసుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి చూడండి. ఒక వైపు గీత గీసినట్టు వస్తుంది, ఇంకో వైపు వంకరటింకరగా పోతుంది. గీతలా వచ్చే వైపు పట్టుకుని రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా చింపుకోండి. కత్తెరతో కోయొద్దు. చింపిన అంచు పీచుగా ఉండి పక్క పట్టీలో కలిసిపోతుంది, కోసిన అంచు మెట్టులా నిలబడి రంగు వేశాక కూడా కనబడుతుంది. సినిమా పేజీల మెరుపు కాగితం వద్దు, జిగురు పీల్చదు.

పట్టీని జిగురులో ముంచి, రెండు వేళ్ల మధ్య లాగి అదనపు జిగురు పిండేయాలి. బొమ్మ మీద వేశాక మధ్య నుంచి అంచులకు వేలితో నెట్టాలి. ఒక పొర నిలువుగా వేస్తే తర్వాతిది అడ్డంగా.

ఒక పొర న్యూస్‌పేపర్ వేశాక రెండో పొర పిల్లల పుస్తకాలకు అట్టలేసే ఖాకీ కాగితంతో వేయండి. మళ్లీ న్యూస్‌పేపర్, మళ్లీ ఖాకీ. ఎక్కడ వేశారో ఎక్కడ మిగిలిందో కంటికి తెలుస్తుంది. తర్వాత బొమ్మను కోయాల్సి వస్తే పొరలు లెక్కపెట్టడానికీ ఇదే ఆధారం.

ఒక విడతలో రెండు పొరలే. చేయి తిరిగాక మూడు. ఆరాక మళ్లీ రెండు. మొత్తం ఎనిమిది పొరలు కావాలి, కాళ్లకు పది.

5. ఆరబెట్టడం

నా మూడు బొమ్మల్లో రెండు ఇక్కడే చెడ్డాయి. పని మీద ఉత్సాహం ఉన్నవాళ్లు అందరూ ఇక్కడే తొందరపడతారు.

మండుటెండలో డాబా మీద పెడితే గంటలో పైపొర గట్టిపడుతుంది. లోపలి నీళ్లకు బయటికి దారి ఉండదు. పైన తట్టి ‘ఆరిపోయింది’ అనుకుని తర్వాతి పొర వేస్తాం. తడి లోపలే ఉండిపోయి బూజు మొదలవుతుంది. ఎండ తగిలిన వైపు ముందు ముడుచుకుని బొమ్మ వంకర కూడా పోతుంది. అందుకే నీడ, గాలి రెండూ ఉన్నచోట పెట్టండి. నులక మంచం ఉంటే దానంత మంచిది లేదు, కింద నుంచి కూడా గాలి తగులుతుంది. చెక్కతో సహా బొమ్మను పక్కకు పడుకోబెట్టి, రెండు మూడు గంటలకోసారి వైపు మార్చండి. రాత్రి ఇంట్లోకి తెచ్చి ఫ్యాను కింద పెట్టండి. తెల్లవారుజామున మంచులో వదిలేస్తే పగలు ఆరినదంతా మళ్లీ చెమ్మెక్కుతుంది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి మూడు పరీక్షలున్నాయి. చెంపకు ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది. గోటితో కొట్టండి, ఆరిన చోట టకటకమంటుంది, తడి చోట శబ్దం మొద్దుగా వస్తుంది. మూడోది కాటా. ఇది తప్పు చెప్పదు. రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. నా నాలుగో గిత్తకు రెండో విడత పొరలు వేశాక పుస్తకంలో ఇలా ఉంది: 642, 597, 571, 563, 562, 562. మూడో రోజుకే చేతికి పూర్తిగా ఆరినట్టు అనిపించింది. మూడో రోజున పొర వేసి ఉంటే తొమ్మిది గ్రాముల నీళ్లను లోపల పెట్టి మూసేసేవాణ్ని. రెండు రోజులు వరసగా బరువు మారకపోతేనే తర్వాతి పొర.

6. పాడైతే కోయండి

బొమ్మ వంగినా, పగిలినా, వాసన వచ్చినా ముందు ఫోటో తీయండి. తర్వాత ముక్కుకు గుడ్డ కట్టుకుని, బూజు దుమ్ము పీల్చకుండా ఆరుబయట కూర్చుని, చెడ్డ చోట అడ్డంగా కోయండి. తీగ తగిలే దాకా వెళ్లాలి. కోసిన అంచు వెలుతురులో చూడండి.

పొరలు ఉల్లిపొరల్లా విడిపోతున్నాయా? జిగురు మరీ పలచనైంది, లేదా పట్టీని వేళ్ల మధ్య అతిగా పిండేశారు. పొరల మధ్య చిన్న గూళ్లున్నాయా? పట్టీ వెడల్పు ఎక్కువై వంపు దగ్గర గాలి చిక్కుకుంది, అక్కడ సన్నటి పట్టీలు వాడాలి. నల్లమచ్చ ఎన్నో పొర దగ్గర ఉంది? ఖాకీ, న్యూస్‌పేపర్ లెక్కపెడితే తెలిసిపోతుంది. ఆ పొర ఏ రోజు వేశారో పుస్తకంలో చూడండి. నా రెండో గిత్తకు మచ్చ మూడు, నాలుగు పొరల మధ్య ఉంది. చుట్టాలు వస్తున్నారని ఒకే రోజు పొద్దున, సాయంత్రం రెండు విడతలు వేసిన రోజది. కారణం వాన కాదు. వాన రాని రోజు అది.

కోసిన ముక్కల్లో బూజు లేనివి నానబెడితే గుజ్జుకు పనికొస్తాయి. బూజు ఉన్నవాటిని మాత్రం ఉంచుకోవద్దు. కొద్దిగా చెడితే ఆ ముక్కవరకు చతురస్రంగా కోసి తీసి, లోపల బాగా ఆరనిచ్చి, కొత్త పట్టీలతో కప్పొచ్చు. నాలుగో గిత్త ఎడమ తొడకు అలాంటి అతుకు ఉంది.

7. గుజ్జుతో మూపురం, గంగడోలు

గుజ్జుకు కోడిగుడ్ల అట్టలంత మంచి సరుకు లేదు. అయిదారు అట్టలు చింపి రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఇరవై నిమిషాలు ఉడికించి, నీళ్లు ఎక్కువ పోస్తూ కొంచెం కొంచెంగా మిక్సీ పట్టండి. నీళ్లు తక్కువైతే మోటారు కాలుతుంది. గుడ్డలో వేసి పిండితే చపాతీ పిండి కన్నా వదులుగా రావాలి. రెండు కప్పుల గుజ్జుకు అరకప్పు ఫెవికాల్, అరకప్పు సుద్దపొడి వేసి మెత్తగా పిసకండి. పిండిన నీళ్లు సింకులో పోయొద్దు, పైపు బిగుసుకుపోతుంది. మొక్కల పక్కన పోయండి.

మా అమ్మమ్మ పాత కాగితాలు, నానబెట్టిన మెంతులు కలిపి రోట్లో రుబ్బి, బోర్లించిన కుండ మీద మెత్తి గంపలు చేసేది. ఆ గంపల్లో పప్పులు పోసి ఏళ్ల తరబడి దాచుకున్నాం, పురుగు పట్టలేదు. మెంతి జిగురు గుజ్జుకు నునుపునిస్తుంది. రెండు చెంచాల మెంతుల ముద్ద నేను ఇప్పటికీ కలుపుతాను.

మూడో గిత్త మూపురాన్ని ఒకేసారి నాలుగు సెంటీమీటర్ల ముద్దగా పెట్టాను. నీళ్లు పోయేకొద్దీ గుజ్జు ముడుచుకుంటుంది. పైన ముందు ఆరి బిగుసుకుంది, లోపల తర్వాత ముడుచుకుంది, మధ్యలో చీలింది. కోసి చూస్తే పగులు తీగ దాకా ఉంది. కాబట్టి మూపురం లోపల పేపరు ఉండ, టేపు, దాని మీద నాలుగు పొరల పట్టీలు రావాలి. గుజ్జు పైపైన మాత్రమే, అరసెంటీమీటరు మించకుండా. మందం ఇంకా కావాలంటే ఆరాక ఇంకోసారి. వేసే ముందు అడుగు భాగాన్ని ఫెవికాల్ నీళ్లతో తడపండి, పొడి కాగితం మీద గుజ్జు అంటదు. సన్నటి పగుళ్లు ఎలాగూ వస్తాయి. గుజ్జులో ఇంకాస్త ఫెవికాల్, సుద్ద కలిపి వేలితో నింపేయండి.

గంగడోలును గుజ్జుతో చేయొద్దు. ఎంత పలచగా చేసినా బోర్డు ముక్కలా వస్తుంది. పాత నూలు పంచె ముక్కను చిక్కటి ఫెవికాల్‌లో ముంచి, గడ్డం కింద అంటించి, తన బరువుకు తనే వేలాడనివ్వండి. మడతలు వాటంతట అవే పడతాయి. వేలితో ఒకటి రెండు సర్దితే చాలు. ఆరాక దాని మీద ఒకే ఒక్క పొర పలచటి కాగితం. పాలు పోసే పెద్దాయనకు మొదట నచ్చింది ఈ గంగడోలే.

8. రంగు

సుద్దపొడి, ఫెవికాల్, నీళ్లు కలిపి రెండు పూతలు. ఆరాక ఉప్పు కాగితంతో రుద్దండి, ముందు 120 నంబరు, తర్వాత 220. ముక్కుకు గుడ్డ మరవొద్దు. ఆక్రిలిక్ తెలుపులో చుక్క నలుపు వేసి ఒంటికి, ఇంకాస్త నలుపు వేసి మెడకు, మూపురానికి. తడి మిగిలి ఉంటే రంగు బుడగలు లేస్తుంది, కాబట్టి రంగుకు ముందు మరో రెండు రోజులు కాటా మీద తూచండి. వార్నిష్ పొడి రోజున వేయండి. ముసురు రోజున వేస్తే కొన్ని వార్నిష్‌లు పాలు పోసినట్టు తెల్లబారతాయి.

చివరగా చెక్కను తిరగేసి అడుగున పెన్సిల్‌తో తేదీలు, జిగురు కొలత, పొరల లెక్క, చివరి బరువు రాయండి. గోడకు ఆనించకుండా రెండు వేళ్ల దూరంలో పెట్టండి, గోడ చెమ్మ తగలకూడదు. వానలు మొదలయ్యాక నెలకోసారి తూచి, ఆ అంకెను కూడా అక్కడే చేర్చండి. నా గిత్త కింద మొన్నటి నవంబరు అంకె చివరి బరువు కన్నా పదకొండు గ్రాములు ఎక్కువగా ఉంది. ఫిబ్రవరికి మళ్లీ పాత అంకెకు వచ్చింది. ఈసారి డెక్కల కింద కూడా వార్నిష్ వేసి చూస్తున్నాను.